గేటు నుంచి గేటుకా, గడప నుంచి గడపకా

మాస్టారు: భద్రాచలం నుంచి డాలస్‌కు దూరమెంతో ఎప్పుడైనా లెక్కేశారా డీఈ గారూ, రోడ్ల ఇంజినీరు కదా మీరు? మన ఊరి రేఖాంశం 81 డిగ్రీల తూర్పుకు కాస్త ఇవతల. డాలస్‌ది 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 178. అంటే భూగోళానికి ఇంచుమించు సరిగ్గా అవతలి పక్క. రామాలయం మెట్ల దగ్గర నిలబడి ఉత్తరం వైపు తిన్నగా బయల్దేరి, ధ్రువం పక్క నుంచి అవతలికి దిగితే టెక్సాస్ వస్తుంది. సుమారు 14,400 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున వేసుకుంటే పదహారు గంటలు. కాని మన పిల్లలు అక్కడి ఇంట్లోంచి బయల్దేరి ఇక్కడి గడప తొక్కేసరికి ఒకటిన్నర రోజు గడిచిపోతోంది. పదహారు గంటల దారికి ముప్ఫై ఆరు గంటలెందుకు పడుతున్నాయి? అందులో కొంత మనకెవరికీ చేతకాని సంగతి. మిగతాది మాత్రం ఈ అడవి అంచునే ఉంది. అందుకే కొత్తగూడెం దగ్గర విమానాశ్రయం కావాలంటున్నాను.

డీఈ: లెక్కతో మొదలుపెట్టారు కాబట్టి లెక్కతోనే చెప్తాను మాస్టారూ. ధ్రువం మీదుగా హైదరాబాదు నుంచి డాలస్‌కు నేరుగా వెళ్ళే విమానం లేదు. మనవాళ్ళు ఎక్కువమంది గల్ఫ్‌లో ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే. శంషాబాద్ నుంచి దోహా సుమారు 2,900 కిలోమీటర్లు, దోహా నుంచి డాలస్ 12,700 చిల్లర. మలుపు తిరిగినందుకు పన్నెండు వందల కిలోమీటర్లు పెరిగాయి. గంటల్లో చెప్పాలంటే మొదటి ముక్క నాలుగున్నర, రెండోది పదహారు, మధ్యలో కూర్చున్నది రెండో మూడో. ఇరవై మూడు గంటలు అక్కడే అయిపోయాయి. శంషాబాద్‌లో మూడు గంటల ముందు ఉండాలి. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరస, పెట్టెలు, అక్కణ్ణించి ఇంటికి కారు. మన రోడ్డు వాటా ఆరేడు గంటలు. మొత్తంలో అయిదో వంతు. ఆ అయిదో వంతులోంచి విమానాశ్రయం మిగిల్చేది ఇంకెంత?

మాస్టారు: ఆ ఇరవై మూడు గంటలు ఎవరి చేతిలోనూ లేవు కాబట్టే ఈ ఆరేడు గంటల గురించి మాట్లాడుతున్నాను. పైన విమానాలు తిరిగే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు గాలి నదిలా పారుతుంటుంది. అందువల్ల డాలస్ నుంచి ఇటు వచ్చేటప్పుడు అదే దారి గంటకు పైగా తగ్గిపోతుంది. దాన్ని మనం మార్చలేం. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరప్ కంపెనీలకు మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిరిండియా సర్వీసులకు గంటలు పెరిగాయి. అదీ మన చేతిలో లేదు. 2021 జనవరి 15న హైదరాబాదు నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలైనప్పుడు ఎంత సంబరపడ్డాం! 13,300 కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడా దిగక్కర్లేదు. తర్వాత అదీ ఆగిపోయింది. కంపెనీ ఇష్టం. మన చేతిలో ఉన్నది భద్రాచలానికీ శంషాబాద్‌కూ మధ్య దూరం ఒక్కటే. దాన్ని కూడా దైవాధీనం అనుకుని వదిలెయ్యమంటారా?

ఇంకో సంగతి. ఆ దూరం తగ్గకపోగా పెరిగింది. 2008 మార్చి 23 దాకా బేగంపేటలో విమానమెక్కేవాళ్ళం. మణుగూరు రైలెక్కి తెల్లారి సికింద్రాబాదులో దిగితే, ఆటోలో పెట్టెలు పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. శంషాబాద్ వచ్చాక నగరానికి గొప్ప విమానాశ్రయం దొరికింది, సంతోషం. మనకు మాత్రం రైలు దిగాక ఊరంతా దాటే ప్రయాణం తగిలింది. పెద్ద పెట్టెలతో అది అయ్యేపని కాదని జనం కార్లకు మళ్ళారు.

డీఈ: ఒప్పుకుంటాను. సికింద్రాబాదు నుంచి శంషాబాద్ దాకా పెట్టెలు మోసుకెళ్ళడం ముసలివాళ్ళ వల్ల కాదు. అయితే కొత్తగూడెంలో విమానం దిగుతున్నట్టే అనుకుని లెక్క చూద్దాం. అక్కడి నుంచి శంషాబాద్‌కు ఆకాశంలో 235 కిలోమీటర్లు. అంత దగ్గరికి జెట్ విమానం వెయ్యరు, డెబ్భై సీట్ల ఏటీఆర్ వేస్తారు. దాని వేగం గంటకు 500 కిలోమీటర్లు. గేటు నుంచి కదిలి, పైకెక్కి, దిగి, మళ్ళీ గేటు దగ్గర ఆగడానికి గంట. కంపెనీలు టికెట్టు మీద వేసేది ఈ గేటు నుంచి గేటుకు పట్టే సమయమే. మీరేమో గడప నుంచి గడపకు అంటున్నారు కదా, అదే చూద్దాం. భద్రాచలం నుంచి వారధి దాటి, సారపాక, పాల్వంచ మీదుగా బొగ్గు లారీల వెనకాల నలభై కిలోమీటర్లు, గంట. అక్కడ గంటన్నర ముందుండాలి. గాల్లో గంట. మొత్తం మూడున్నర. కారులో ఆరున్నర. మూడు గంటలు మిగిలినట్టు కనిపిస్తుంది.

కాని చిన్న విమానాశ్రయంలో రోజుకు ఒకటో రెండో విమానాలు, అవీ పగలే. గల్ఫ్ విమానాలు చాలావరకు కదిలేది తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు. మీ ఏటీఆర్ సాయంత్రం అయిదింటికి శంషాబాద్‌లో దించేస్తే పదకొండు గంటలు అక్కడే పడుండాలి. ఎట్లాగూ ముందుండాల్సిన మూడు గంటలు తీసేసినా, మిగిలిన మూడు గంటలూ పోయి, ఇంకో అయిదు గంటలు నెత్తినపడతాయి. అదే కారయితే సాయంత్రం ఆరింటికి భోంచేసి బయల్దేరినా సరిపోతుంది.

మాస్టారు: ఆ కారు ప్రయాణం ఎట్లా ఉంటుందో చూశారు గదా. మధ్యాహ్నం నుంచే ఇంట్లో హడావుడి. కొక్కేనికి వేలాడే త్రాసు తెచ్చి పెట్టెను ఎత్తి చూడ్డం, ఇరవై మూడు కేజీలు దాటితే కారప్పొడి తీసి చేతిసంచిలోకి మార్చడం, మళ్ళీ ఎత్తడం. ఆవకాయ డబ్బా మూత చుట్టూ టేపు, టేపు మీద కవరు, కవరు మీద పాత టవలు. తలంబ్రాల పొట్లం మాత్రం చేతిసంచిలో, పాస్‌పోర్టు పక్కన. అంతా సర్ది ఎర్టిగా వెనక సీటు మడిచి పెట్టెలు పేర్చి బయల్దేరతారు. డ్రైవరు ఆ పొద్దున ఇంకో బాడుగ తోలి వచ్చినవాడే. పిల్లలు పైకి వెళ్ళిపోతారు. అర్ధరాత్రి దాటాక అదే కారులో తల్లీ తండ్రీ వెనక్కి బయల్దేరతారు. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన మనుషులు, నిద్ర ముంచుకొస్తున్న డ్రైవరు, మూడొందల కిలోమీటర్లు. సూర్యాపేట దాటాక కళ్ళు మూతలు పడతాయి. ఈ ప్రయాణాన్ని ఏ కంపెనీ లెక్కపెడుతుంది డీఈ గారూ? మీ లెక్కలో ఒక మనిషి డాలస్ వెళ్ళాడు. నా లెక్కలో ముగ్గురు, నలుగురు రోడ్డు మీద ఒక రాత్రంతా గడిపారు. కొత్తగూడెంలోనే సాగనంపి రాత్రి అన్నం వేళకు ఇల్లు చేరగలిగితే, పిల్లవాడు శంషాబాద్‌లో పదకొండు గంటలు కుర్చీలో కూర్చున్నా నాకు బాధలేదు. వాడు కుర్రాడు, కూర్చుంటాడు.

డీఈ: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. సాగనంపడానికి వెళ్ళి వచ్చేవాళ్ళను నేను లెక్కలోకి తీసుకోలేదు, ఎవరూ తీసుకోరు. రాత్రి రోడ్డు ప్రమాదాలు ఎన్ని చూశానో నా ఉద్యోగంలో. అయితే ఆ రోడ్డు మీద వెళ్ళేది సాగనంపేవాళ్ళు మాత్రమే కాదు. అదే రోడ్డు మీద నిమ్స్‌కు రోగిని తీసుకెళ్ళే అంబులెన్సు వెళ్తుంది, ఆర్టీసీ బస్సు వెళ్తుంది, జగదల్‌పూర్ వైపు లారీలు వెళ్తాయి. సూర్యాపేట నుంచి ఖమ్మం దాకా నాలుగు వరసలయ్యాక ఎంత తేడా వచ్చిందో మీకు తెలుసు. అదే వెడల్పు ఖమ్మం నుంచి కొత్తగూడెం, భద్రాచలం దాకా తెస్తే అందరికీ గంటకు పైగా తగ్గుతుంది. టికెట్టు కొన్నవాడికే కాదు, అందరికీ.

మాస్టారు: రోడ్డు వద్దని నేననలేదే. రోడ్డుకూ విమానానికీ పోటీ పెట్టింది మీరు. రోడ్ల శాఖ డబ్బు వేరు, విమానయాన శాఖ డబ్బు వేరు. విమానాశ్రయం కట్టనంత మాత్రాన ఆ సొమ్ము మన రోడ్డుకు రాదు. ఇంకో రాష్ట్రంలో ఇంకో ఊరికి పోతుంది. మనకంటే లోపలి అడవిలో ఉన్న జగదల్‌పూర్‌కు 2020 సెప్టెంబరులో విమానం వచ్చింది, హైదరాబాదుకు కూడా కలిపారు. ఇటు మల్కాన్‌గిరిలో 2024 జనవరిలో విమానాశ్రయం తెరిచారు. బస్తర్‌కు రాగా లేంది, మల్కాన్‌గిరికి రాగా లేంది, సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడేనికి ఎందుకు రాకూడదు? పాల్వంచలో కరెంటు తయారుచేస్తాం, సారపాకలో కాగితం, అశ్వాపురంలో భారజలం. ఇన్ని పరిశ్రమలున్న జిల్లాకు ఇంజినీరు రావాలన్నా యంత్రం ముక్క రావాలన్నా రాత్రంతా రోడ్డే. సీట్లు ఎవరు నింపుతారని అడుగుతారేమో, వీళ్ళే నింపుతారు.

డీఈ: మల్కాన్‌గిరికి వెళ్ళింది తొమ్మిది సీట్ల విమానం మాస్టారూ. ఒక ఎర్టిగా, దానికో రెండు సీట్లు ఎక్కువ. ఉడాన్ పథకం సంగతి చూడండి. 2017 ఏప్రిల్ 27న సిమ్లాతో పాటు మన కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు విమానాలను ఒకే రోజు మొదలుపెట్టారు. గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్నారు, కొన్ని సీట్లకు. నష్టాన్ని ప్రభుత్వం మూడేళ్ళు భరిస్తుంది. 2023లో కాగ్ లెక్క తీసింది. మూడో విడత దాకా ఇచ్చిన దారులు 774. అందులో అసలు మొదలైనవి 371. మూడేళ్ళూ నడిచినవి 112. సాయం ఆగిపోయాక కూడా నిలబడ్డవి 54. ఏడొందల డెబ్భై నాలుగులో యాభై నాలుగు. రిబ్బను కత్తిరించిన రోజు మనం చూస్తాం, ఆఖరి విమానం లేచిపోయిన రోజు ఎవరూ చూడరు. రన్‌వే అట్లాగే ఉంటుంది, ఫైరింజను అట్లాగే ఉంటుంది, జీతాలు అట్లాగే పడతాయి. సింగరేణివాళ్ళు ఎక్కుతారంటారా, ఎక్కుతారు. రోజుకు డెబ్భై మంది, ఏడాది పొడుగునా, రెండు వైపులా ఎక్కాలి. అది నాకు కుదిరేట్టు కనపడదు.

మాస్టారు: నిలబడ్డ యాభై నాలుగు కూడా ఉన్నాయి కదా. అవి ఎందుకు నిలబడ్డాయో చూసి అట్లా కట్టుకోవాలి గాని, పడిపోయిన వాటిని చూసి కూర్చుంటామా? 1965కు ముందు భద్రాచలంలో గోదావరి మీద వారధి లేదు. పడవలో దాటేవాళ్ళం. అప్పుడు మీలాంటి లెక్కలవాడు రేవులో కూర్చుని, రోజుకెంతమంది దాటుతున్నారో రాసుకుని, ఇంతమందికి వారధి దండగ అని చెప్పి ఉంటే? దాటే దారి ఉంటే గదా దాటేవాళ్ళు పెరిగేది. వారధి వచ్చాకే ఈ ఊరు ఊరయింది.

డీఈ: మంచి మాటన్నారు. నా జీవితమంతా ఈ వాదనతోనే రోడ్లు అడిగాను, మీ నోట వింటే కాదనలేను. కాని వారధి మాట ఎత్తారు కాబట్టి వారధి దగ్గరే ఆగుదాం. 2022 జులైలో ఏమైంది? గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో 75.6 తర్వాత అంత నీళ్ళు మళ్ళీ అప్పుడే చూశాం. వారధి మీద రాకపోకలు ఆపేశారు. ఇప్పుడు చెప్పండి, విమానాశ్రయం కొత్తగూడెం వైపు. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల గోదావరికి ఇవతల. మీ డాలస్ పిల్లవాడు కొత్తగూడెంలో దిగి సారపాక దాకా వచ్చి అక్కణ్ణించి రామాలయం గోపురం చూస్తూ నిలబడాలి. వాడికీ ఇంటికీ మధ్య రెండు కిలోమీటర్లుండదు. డాలస్ నుంచి అక్కడిదాకా వచ్చినా ఆ రెండు కిలోమీటర్లు దాటలేడు.

మాస్టారు: అదీ నిజమే. వరద రోజుల్లో విమానాశ్రయం మన ఒడ్డుకు పనికిరాదు, ఒప్పుకుంటున్నాను. కాని అవతలి ఒడ్డున బూర్గంపాడు, అశ్వాపురం, మణుగూరు కూడా మునిగాయి. సహాయ బృందాలు, పడవలు, మందులు గాల్లోంచి నేరుగా కొత్తగూడెంలో దిగితే ఎన్ని గంటలు కలిసొస్తాయో మీకు నేను చెప్పాలా? హెలికాప్టరు ఇంధనానికైనా దగ్గర్లో ఒక చోటు కావాలి.

డీఈ: అందుకు మంచి హెలిప్యాడ్లు, చిన్న ఎయిర్‌స్ట్రిప్ చాలు. రోజువారీ విమానం అక్కర్లేదు. అయినా సరే, అవతలి ఒడ్డు వరకు మీ మాట నెగ్గిందనుకోండి.

ఇప్పుడు నేను అసలు అడగదలచుకున్నది అడుగుతాను. దూరం గంటల్లో కొలవాలని మీరే అన్నారు. శంషాబాద్ నుంచి దోహా నాలుగున్నర గంటలు, సముద్రం దాటి వేరే దేశం. చర్ల అవతల ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో గూడేలున్నాయి. వానాకాలం వాగు పొంగితే అక్కణ్ణించి గర్భిణిని డోలీలో మోసుకుని రోడ్డెక్కించి, అంబులెన్సు కోసం కాచుకుని, అరవై కిలోమీటర్లు భద్రాచలం ఏరియా ఆసుపత్రికి తెచ్చేసరికి ఆ నాలుగున్నర గంటలు చాలవు. ఒకే మండలంలో ఇద్దరు మనుషులు. ఒకరికి దోహా దగ్గర, ఒకరికి భద్రాచలం దూరం. ప్రభుత్వం దగ్గర తగ్గించడానికి కొన్ని గంటలున్నాయనుకుందాం. ముందు ఎవరి గంటలు తగ్గించాలి? డబ్బు పద్దులు వేరన్నారు, నిజమే. కాని భూమి ఒకటే, కలెక్టరు సమయం ఒకటే, మంత్రి గారు ఢిల్లీలో ఒక్కసారి కలిసినప్పుడు అడగగలిగిన కోరికలు రెండే. విమానాశ్రయం అడిగితే ఇంకోటి వెనకబడుతుంది.

మాస్టారు: ముందు ఆ గర్భిణివే తగ్గించాలి. దాని మీద నాకు వాదనే లేదు. నేను ఆ ఏజెన్సీలోనే ఉద్యోగం చేశాను. కాని ఒక్క మాట. చర్లవాళ్ళకు రోడ్డు, మిగతావాళ్ళకు విమానం అని మీరు మనుషుల్ని రెండుగా విడదీస్తున్నారు. నా ఆశ్రమ పాఠశాలలో చదివిన కోయ పిల్లల్లో ఢిల్లీలో చదివేవాళ్ళున్నారు, బెంగళూరులో ఉద్యోగం చేసేవాళ్ళున్నారు. వాళ్ళు పండక్కి రావాలంటే హైదరాబాదులో దిగి ఒక రాత్రి, చర్ల బస్సుకు ఒక పూట. సెలవు మూడు రోజులైతే వాళ్ళు రానే రారు. గిరిజనుడికి విమానంతో పనేముందని మనమిద్దరం ఇక్కడ కూర్చుని తేల్చెయ్యడం నాకు నచ్చదు. రోడ్డూ ఆసుపత్రీ అతని హక్కు, విమానం మాత్రం అతనికి ఎక్కువ, అని ఎట్లా అంటాం?

డీఈ: నేనట్లా అనలేదు మాస్టారూ, అన్నట్టు వినపడితే నా మాట వెనక్కి తీసుకుంటాను. నేనంటున్నది ఎక్కేవాళ్ళ గురించి కాదు, ఇచ్చేవాళ్ళ గురించి. రన్‌వేకు, చుట్టూ ఖాళీకి వందల ఎకరాలు కావాలి. ఈ జిల్లాలో ఎటు చూసినా అడవి, లేదంటే గిరిజనేతరుల పేరుకు మారకూడదని 1/70 చట్టం చెప్పే భూమి. పాల్వంచ పక్కనే కిన్నెరసాని అభయారణ్యం. చుట్టూ గుట్టలు. 2025లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ళు కొత్తగూడెం దగ్గర చూపించిన స్థలం పరిశీలించి అనుకూలం కాదన్నారు. ఇంకో స్థలం వెతకాలంటే ఎవరి పోడు వైపు చూస్తారో మనకు తెలియనిదా? వరంగల్ దగ్గరి మామునూరు సంగతి వేరు. అక్కడ నిజాం కాలంలో 1930 ప్రాంతాల్లో వేసిన రన్‌వే ఉంది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రాకూడదన్న ఒప్పందం అడ్డం తొలగించుకుని, మరో 253 ఎకరాలు కొంటే సరిపోయింది. మనం 150 కిలోమీటర్ల అవతలే ఉన్నాం, ఆ చిక్కు లేదు. మన చిక్కల్లా నేల. ఇక్కడ నేల ఇచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ ఇస్తున్నారు. బొగ్గుకు ఇచ్చారు, కరెంటుకు ఇచ్చారు, పోలవరానికి ఊళ్ళకు ఊళ్ళే ఇచ్చారు.

మాస్టారు: ఓపెన్‌కాస్టు గనికి వేల ఎకరాలు తవ్వుతుంటే దేశానికి వెలుగు అన్నారు. పోలవరం కోసం 2014లో ఏడు మండలాలను రాష్ట్రమే మార్చేశారు. మన ఊరి చివర ఎటపాక ఇప్పుడు పక్క రాష్ట్రం. చర్ల వెళ్ళాలన్నా ఆ రాష్ట్రం దాటి మళ్ళీ మన రాష్ట్రంలోకి రావాలి. అన్నీ పోగొట్టుకున్న జిల్లా తనకోసం ఒకటి అడిగేసరికి మాత్రం అడవి గుర్తొచ్చింది, చట్టం గుర్తొచ్చింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

డీఈ: ఆ కోపం నాకూ ఉంది. కాని తప్పు నాలుగుసార్లు జరిగిందని అయిదోసారి మన కోసం జరగనిద్దామా? సరిహద్దు మాట ఎత్తారు కాబట్టి ఇదీ చూడండి. భద్రాచలం నుంచి శంషాబాద్‌కు గీత గీస్తే 265 కిలోమీటర్లు. రాజమండ్రి మధురపూడికి గీస్తే 117. గన్నవరానికి 127. సగం కూడా లేదు. కట్టి, విమానాలు దిగుతున్న రెండు విమానాశ్రయాలు మన పక్కనే ఉన్నాయి. గన్నవరం నుంచి ఢిల్లీకో ముంబైకో వెళ్ళి అమెరికా విమానం ఎక్కొచ్చు. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం వైపు రోడ్లు బాగుచేసి, భద్రాచలం నుంచి విమానాల వేళకు రెండు బస్సులు వేస్తే చాలు. ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా కొత్త రహదారి పని కూడా మొదలుపెట్టారు. రాష్ట్రాల గీత లేనట్టు చూస్తే విమానాశ్రయం మనకు ఇప్పటికే సగం దూరంలో ఉంది.

మాస్టారు: గీత లేనట్టు చూడటం మీకూ నాకూ వచ్చు. బస్సు వేసేవాళ్ళకు రాదు. ఎటపాక దగ్గర ఇసుక లారీకి ఒక రూలు, ధాన్యం లారీకి ఒక రూలు. పైగా మనవాళ్ళ వీసా హైదరాబాదులో, చుట్టాలు హైదరాబాదులో, సూట్‌కేసు కొనేది హైదరాబాదులో. అందుకని అటే పోతారు. అయినా గన్నవరం మాట ఆలోచించదగ్గదే. ఢిల్లీకి వెళ్ళేవాడికి అది మేలు, కాదనను. కాని అమ్మ పోయిందన్న ఫోను వచ్చినవాడు ఢిల్లీలో మళ్ళీ టెర్మినల్ మారే దారి పట్టడు. దొరికిన మొదటి విమానానికి శంషాబాద్ వస్తాడు. ఇక్కడ వాకిట్లో ఫ్రీజరు పెట్టె. అద్దం మీద చెమ్మ తుడుస్తూ ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. కరెంటు పోతే జనరేటరు. వచ్చినవాళ్ళంతా అడిగేది ఒక్కటే, ఎక్కడిదాకా వచ్చాడు? దోహా దాటాడు. శంషాబాద్‌లో దిగాడు. అప్పుడు ఇంకా ఆరు గంటలు. దిగాడన్న కబురు తర్వాతి ఆ ఆరు గంటలు ఎట్లాంటివో గడిపినవాళ్ళకే తెలుసు.

డీఈ: తెలుసు. మా ఇంట్లోనూ గడిచాయి. అందుకే ఈ విషయంలో ఆశ పెట్టదలచుకోలేదు. ఆ విమానం తెల్లవారుజామున మూడింటికి దిగుతుంది. నాలుగింటికి కారెక్కితే పది, పదిన్నరకు ఇల్లు చేరతాడు. కొత్తగూడెం విమానం ఏడింటికి లేస్తుందనుకున్నా, ఎనిమిదికి దిగి, భద్రాచలం చేరేసరికి తొమ్మిదిన్నర. గంట మిగిలింది. ఆ రోజు పొగమంచు పట్టినా, సీటు దొరక్కపోయినా అదీ లేదు. అంత దుఃఖంలో అన్ని గంటలు ప్రయాణం చేసి వచ్చినవాణ్ణి ఇంకా ఆరు గంటలు రోడ్డు మీద తిప్పకూడదన్న మీ మాట మాత్రం నిజం. రాత్రి దిగే ఏర్పాట్లుంటే లెక్క మారుతుంది, అదీ ఒప్పుకుంటాను. కాని చిన్న విమానాశ్రయాలకు ఆ పరికరాలూ ఆ మనుషులూ ఆఖర్న వస్తారు.

మాస్టారు: అయితే ఏ షరతుల మీద సంతకం పెడతారో చెప్పండి. ఎప్పటికీ వద్దని మీరనడం లేదని నాకర్థమైంది.

డీఈ: మూడు. ఒకటి, భూమి ఏజెన్సీలో ఉంటే గ్రామసభ ముందు పెట్టి, వాళ్ళు సరేనన్నాకే ముట్టుకోవాలి. 1996 పీసా చట్టం కూడా ముందు గ్రామసభను సంప్రదించాలనే చెప్తుంది. రెండు, రైలు ముందు రావాలి. పేరుకు భద్రాచలం రోడ్ అని స్టేషన్ ఉంది, అది కొత్తగూడెంలో ఉంది. 2024 ఆగస్టులో కేంద్రం మల్కాన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా 173 కిలోమీటర్ల లైనుకు ఒప్పుకుంది. అది పడితే రైలు గోదావరి దాటి మన ఒడ్డుకు వస్తుంది. ఎవరికైనా అందే టికెట్టు. అది నడిచాక విమానం సంగతి. మూడు, రాత్రి దిగే ఏర్పాటుతో, శంషాబాద్ అర్ధరాత్రి విమానాలకు జత కలిసేట్టు వేళలుండాలి. లేకపోతే కట్టొద్దు.

మాస్టారు: మొదటిదానికి రెండు చేతులా ఒప్పుకుంటాను. మూడోది నేను అడగాల్సింది, మీరే అడిగారు. రెండోది ఒప్పుకోను. కొవ్వూరు నుంచి భద్రాచలానికి రైలు అన్న మాట నా చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఒకదాని వెనక ఇంకోటి నిలబెడితే ఈ జిల్లాలో రెండోది ఎప్పటికీ రాదు. రైలు పని రైలుది, స్థలం వెతికే పని ఇప్పుడే మొదలు కావాలి.

డీఈ: స్థలం వెతకడం మొదలైన రోజే అక్కడ రియల్ ఎస్టేటు మొదలవుతుంది. గ్రామసభ దాకా రాకముందే ఎకరాలు చేతులు మారతాయి, 1/70 ఉన్నా బినామీ పేర్లతో మారతాయి. అందుకే రైలు ముందంటున్నాను. రైలు గీత ఇప్పటికే గీశారు.

మాస్టారు: బినామీలను ఆపాల్సింది రెవెన్యూ వాళ్ళు. వాళ్ళ చేతగానితనానికి జిల్లాను ఇంకో ఇరవై ఏళ్ళు ఆపుతారా? నేరుగా గ్రామసభకే వెళ్దాం. ముందుగానే, గుట్టు లేకుండా అడుగుదాం.

డీఈ: వద్దంటే?

మాస్టారు: వద్దంటే వేరే చోటు చూడాలి, లేకపోతే మానుకోవాలి. కావాలంటే?

డీఈ: కావాలంటే నేను అడ్డం రాను. కాని ఆ సభలో మొదట లేచే మనిషి చర్ల రోడ్డు గురించే అడుగుతాడు, చూడండి.

మాస్టారు: అడగనివ్వండి. అడిగినవాడే రెండోసారి లేచి, బెంగళూరులో ఉన్న తన కూతురు ఎన్ని గంటల్లో ఇంటికి రాగలదో కూడా అడుగుతాడు. అప్పుడు మీరు అతనికి ఏం లెక్క చెప్తారో వినడానికి నేనూ వస్తాను.